పెద్దమ్మకు ఎగ్గొట్టిన పేజీలు

నా చిన్నప్పుడు పుస్తకాల మీద తీర్పు చెప్పేవాళ్లలో ఒక్కరికీ చదువు రాదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు జనగామలో మా పెద్దమ్మ ఇంటి అరుగు మీద రోజూ నడిచిన సంగతి ఇది. ముగ్గురు ఆడవాళ్లు బీడీలు చుడుతూ కూర్చునేవాళ్లు. నేను గ్రంథాలయం నుంచి తెచ్చిన నవల చదివి వినిపించేదాన్ని. పుస్తకం అయిపోయిన రోజు తలా ఒక మాట అనేవాళ్లు, అంతటితో దాని సంగతి తేలిపోయేది. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ల వయసులో, పంతులమ్మ ఉద్యోగం నుంచి దిగిపోయి మహబూబాబాద్‌లో కూర్చుని, నేనూ అదే పని చేస్తున్నాను. వాళ్లంత బాగా చేస్తున్నానని మాత్రం అనుకోవడం లేదు.

ఇక్కడ పుస్తకాలు చదివేవాళ్లం పదిమందిమి ఉన్నాం. నెలకోసారి ఒక జిరాక్సు దుకాణం మీది గదిలో కలుస్తాం. ఈ మధ్య చదివిన వాటి గురించి ఎవరికి తోచింది వాళ్లు నాలుగు ముక్కలు రాసి ఫోన్ గ్రూపులో పెడతాం. పోయిన నెల చెరువుల మీద వచ్చిన ఒక పరిశోధన పుస్తకం గురించి నేను ఇలా రాశాను: "మూడువందల పేజీలూ చదివాను. ఏ చెరువు ఎవరు తవ్వించారో, ఎవరు పూడ్చారో అన్నీ ఉన్నాయి. రాసినాయన కష్టపడ్డాడు. కానీ చెరువు నిండి మత్తడి దూకే రోజున ఆయన ఆ ఊళ్లో లేడు. పుస్తకంలో నీళ్లున్నాయి, చప్పుడు లేదు." ఒక నర్సమ్మ రాసుకున్న జీవితకథ గురించి: "రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది, ఇంత ఓర్పు దేనికమ్మా అని. రెండోసారికి అర్థమైంది, అది ఓర్పు కాదు, సెలవు దొరక్కపోవడం." పట్నంలో అద్దె ఇల్లు వెతుక్కునే ఆలుమగల నవల గురించి: "నూటయాభై పేజీల దాకా నన్ను లేవనియ్యలేదు. ఆ తర్వాత రచయితకు బస్సు టైమైనట్టుంది, అందరినీ గబగబా సర్దేసి వెళ్లిపోయాడు." ఆఖరున ఒక కథల పుస్తకం: "పదమూడు కథల్లో తొమ్మిదే చదివాను. తక్కిన నాలుగు నా వల్ల కాలేదు. తప్పు నాదో వాటిదో తెలియదు. కాబట్టి ఈ మాట తొమ్మిది కథలకే."

ఇది చూసి మా గుంపులోని కాలేజీ మేడమ్ నవ్వింది. మంచి పిల్ల, నాకంటే పదింతలు తెలివైనది. ఎన్ని పేజీలు చదివారో ఎవరడిగారు మేడమ్, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు ఎందుకు ఆ లెక్క అంది. ఈ రోజుల్లో ఫోన్‌ను అడిగితే రెప్పపాటులో పుస్తకం మొత్తం సారాంశం చెప్తుంది, దాన్నిబట్టి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు అని కూడా అంది. నాకు చురుక్కుమంది. అంత తీరిక లేనివాళ్లు రాయడం మానుకోవచ్చు కదా అని ముఖం మీదే అనేశాను. పాపం, ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఇంటికొచ్చి కూర్చున్నాక సిగ్గేసింది. ఫోన్ పుట్టక ముందే ఆ పని చేసినదాన్ని నేను. దానివల్ల ఏం పోయిందో నా కళ్లతో చూసినదాన్ని కూడా నేనే. ఆ పిల్లకు జవాబుగానే ఇదంతా రాస్తున్నాను.

మాది కేసముద్రం పక్కన పల్లె. మా నాయిన మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. మా ఊరి బడి ఐదో తరగతితో ఆగిపోయేది. ఆడపిల్లకు ఐదు చాలదా అని నలుగురూ అంటుంటే, మా అమ్మ వాళ్ల అక్క జనగామ నుంచి వచ్చి, నన్ను తన వెంట తీసుకుపోయి బడిలో వేసింది. మా పెద్దనాన్న రైల్వే గేటు దగ్గర సైకిళ్లు బాగుచేసేవాడు. పెద్దమ్మ బీడీలు చుట్టేది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. ఇద్దరు చిన్న మగపిల్లలు ఉన్నారు, ఇంటినిండా పని ఉంది. అయినా నా జడలు ఆమే వేసేది, నా పలక ఆమే కడిగేది. నేను బడి నుంచి రాగానే ఈ రోజు ఏం చెప్పారని అడిగేది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామంటే కుదిరేది కాదు, మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకునేది.

బీడీ పని చూడనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. భూపాలపల్లి వైపు అడవుల నుంచి తునికాకు కట్టలు కట్టలుగా వచ్చేది. దాన్ని నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచి, కత్తెరతో ఒక కొలతకు కత్తిరించేవాళ్లు. ఒళ్లో చాట పెట్టుకుని, ఆకులో తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం కట్టేవాళ్లు. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. కట్టను అరచేతిలోకి తీసుకుంటే చాలు, ఒక్కటి తక్కువైనా పెద్దమ్మ వేళ్లు పట్టేసేవి. సాయంత్రం కార్ఖానాకు తీసుకుపోతే, అక్కడ చూసేవాడు ఒక్కొక్క కట్ట ఒత్తి చూసి, నచ్చనివి అవతల పారేసేవాడు. చేతులకు తీరిక లేని పని, చెవులకు మాత్రం ఏ పనీ లేదు. అందుకని నన్ను చదవమనేవాళ్లు.

పెద్దమ్మతోపాటు పక్కింటి అక్క, ఎదురింటి అవ్వ కూర్చునేవాళ్లు. వాళ్ల తీర్పులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే నా రాతల మీద నాకే అనుమానం వస్తుంది. ఒక పెద్ద కుటుంబ నవల అయిపోయాక అవ్వ అడిగింది, నాలుగువందల పేజీల్లో ఒక్కసారైనా పొయ్యి వెలగలేదు, వీళ్లంతా ఏం తిని బతికారని. ప్రేమ నవలల మీద పక్కింటి అక్కకు ఒకటే ఫిర్యాదు. అందరూ ఏడుస్తారు, ఒక్కరూ పనికి పోరు. పెద్దమ్మ ఊరికే మాట్లాడేది కాదు. ఒకసారి తుపాను మీద రాసిన నవల విని, చాలాసేపు బీడీలు చుట్టాక, రాసినాయన వాన చూసిండు గని తడువలేదు అంది. చెరువుల పుస్తకం గురించి నేను రాసిన మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇక వేరే చెప్పాలా.

ఆ ఏడు చలికాలంలో ఒక లావు నవల తెచ్చాను. అట్ట ఊడిపోతే గ్రంథాలయం వాళ్లు గుడ్డ అట్ట వేయించారు, పైన పేరు చెరిగిపోయింది. గోదారి ఒడ్డున పడవ నడిపే ఇంట్లో పుట్టిన పిల్ల కథ. మొదటి యాభై అరవై పేజీలు నేను పొల్లుపోకుండా చదివాను. కథ అందరికీ పట్టేసింది. పెద్దమ్మకైతే మరీ. రోజూ మొదలుపెట్టే ముందు, నిన్నటి పేజీ ఇంకొక్కసారి నిమ్మళంగా చదువు బిడ్డా అనేది. నాకు చిరాకు. కథ ముందుకు పోవాలి గానీ ఈ వెనకడుగు ఏమిటని గొణుక్కుంటూ చదివేదాన్ని. ఆమె నా నోటివైపు కాకుండా పేజీవైపు చూసేది. అది కూడా గమనించాను, ఎందుకని మాత్రం ఆలోచించలేదు.

కొన్నాళ్లకు నాకు వీధి మీదికి గాలి మళ్లింది. బయట పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే నా కాళ్లు అరుగు మీద నిలిచేవి కావు. ఒక రోజు పది పదిహేను పేజీలు ఒక్కసారే తిప్పేసి, మధ్యలో ఏమైందో నా సొంతంగా అతికించి, ఇవాళ్టికి చాలు అని లేచాను. పెద్దమ్మ పుస్తకం ఇటివ్వమంది. చదివిన భాగాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒత్తింది. కట్టను ఒత్తినట్టే. "నిన్న గింతనే ఉండె. ఇయ్యాల గింత మందం ఎట్లయింది?" అని నెమ్మదిగా అడిగింది. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. పక్కవాళ్ల ముందు మాట కూడా పెంచలేదు.

మరునాడు బడి నుంచి రాగానే నా అరచేతిలో రెండు బీడీలు పెట్టి, ఏది మంచిదో చెప్పమంది. రెండూ ఒకేలా ఉన్నాయి. అటూ ఇటూ తిప్పి ఏదో ఒకటి చూపించాను. ఆమె దాని దారం విప్పింది. లోపల తంబాకు లేదు, కత్తిరించగా మిగిలిన ఆకు తుక్కు ఉంది. "తాగెటోనికి అంటువెట్టినంక తెలుస్తది. కార్ఖానల చూసెటాయనకు ఒత్తినంక తెలుస్తది. చుట్టినదానికి చుట్టంగనె తెలుస్తది బిడ్డా" అంది. అంతే. తుక్కు దులిపేసి, ఆ ఆకును మళ్లీ తీసి, తంబాకు పోసి చుట్టింది.

ఇంత చక్కగా చెప్పిన పాఠం విని బాగుపడ్డానని రాయాలని నాకూ ఉంది. నలభై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, అలాంటి ముగింపులు ఎన్నో చెప్పాను. కానీ నేను నేర్చుకున్నది వేరు. పేజీలు ఎగరగొడితే వేళ్లకు దొరికిపోతాను. పేజీలన్నీ ఒక్కొక్కటే తిప్పుతూ అందులోని మాటలు ఎగరగొడితే ఎవరికీ దొరకను. అలాగే చేశాను. పేజీ మీద ఒకసారి కళ్లు పరిచి, పైన రెండు వాక్యాలు చదివి, మిగతాది నోటికొచ్చినట్టు మూడు ముక్కల్లో చెప్పి తిప్పేసేదాన్ని. గొంతు మాత్రం పుస్తకం చదివే గొంతే. పెళ్లి పందిరి వర్ణన ఉంటే పెళ్లయింది అనేదాన్ని. ఊళ్లో తగాదా ఏడు పేజీలుంటే తిట్టుకున్నారు అనేదాన్ని. పోనుపోను కళ్లు పరచడం కూడా మానేసి, నాకు నచ్చిన కథ నేనే చెప్పాను. నా కథలో పడవ మునిగింది, పిల్ల ఈదుకుంటూ ఒడ్డుకు చేరింది. ముగ్గురూ నోరు తెరుచుకుని విన్నారు. వాళ్లను మోసం చేస్తున్నానని కాదు, నాకెంత తెలివి ఉందో అని పొంగిపోయాను.

ఒంటిపూట బళ్లు మొదలైన వారం. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అరుగు మీద ఎవరూ లేరు. పెరట్లో, ఆకు నానబెట్టిన గంగాళం పక్కన పెద్దమ్మ ఒక్కతే కూర్చుంది. ఒళ్లో చాట లేదు, నా నవల ఉంది. వేలు ఒక వరుస మీద పెట్టి, పెదవులు కదుపుతూ ఏదో గొణుగుతోంది. దగ్గరికి పోతే వినిపించింది. పడవ మునిగింది, పొల్ల ఈదుకుంట వచ్చింది. నిన్న నేను అల్లి చెప్పిన మాటలు.

నన్ను చూసి ఆమె పుస్తకం చీర కొంగు కిందికి తోసేసింది. దొంగతనం చేస్తూ దొరికిన చిన్నపిల్ల లాగా ఆమె ముఖం ఎర్రబడింది. ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. అంతకు ముందు దసరా సెలవుల్లో ఆమె నన్ను అక్షరాలు నేర్పమని అడిగింది. చాటలో తంబాకు పొడి పలచగా పరిచి, వేలితో అ ఆలు రాయించాను. పదిహేను రోజులు నడిచింది. ఒక రోజు ఆమె ఒక అక్షరం తిరగేసి రాస్తే పక్కింటి అక్క ముందు పకపకా నవ్వాను. మరునాటి నుంచి ఆమె అడగలేదు, నేనూ మరిచిపోయాను. ఆమె మాత్రం మరవలేదు. నేను చదివింది చదివినట్టు మనసులో పెట్టుకుని, ఎవరూ లేనప్పుడు ఆ పేజీ తీసి, మాట వెంట మాటగా వేలు జరుపుతూ తనకు తానే నేర్చుకుంటోంది. రోజూ నిన్నటి పేజీ మళ్లీ చదివించుకున్నది అందుకు.

ఆ రోజు కాసేపటికి సిగ్గు విడిచి, పుస్తకం బయటికి తీసి నాకు చూపించింది. మొదటి పేజీల్లో వేలు పెట్టి, ఇది పడవ, ఇది నీళ్లు, ఇది అమ్మ అని చెప్పింది. తడుముకుంటూనే అయినా రెండు వరుసలు చదివేసింది. కంఠపాఠం కాదు, నేను మధ్యలో ఎక్కడ వేలు పెడితే అక్కడి మాట చెప్పింది. తర్వాత నిన్నటి పేజీ తీసింది. "ముందటి పేజీలల్ల అచ్చరాలు నా మాటినయి. గీడికొచ్చినంక వింటలేవు. నువ్వు చదివిందంత నాకు యాదికున్నది. పడవ మునిగిందని ఉన్నది గద, గా పడవ యాడున్నదో చూపియ్యి" అంది.

పేజీ మీద కళ్లు పరిచాను, పడవ అన్న మాటే లేదు. నిన్న నేను దాన్ని చదవనే లేదు, అందులో ఏముందో నాకే తెలియదు. ఆ క్షణంలో నిజం చెప్పి ఉండాల్సింది. చెప్తే ఊరికి పంపేస్తారేమో అని భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. పెద్దమ్మ అలాంటి మనిషి కాదని నాకు బాగా తెలుసు. దొరికిపోవడం ఇష్టం లేదు, అంతే. పేజీ మధ్యలో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి, ఇదే అన్నాను. ఆమె మొదటి పేజీ తీసి, అక్కడి పడవను, ఇక్కడ నా వేలి కింది మాటను మార్చి మార్చి చూసింది. ఆడ గిట్ల లేదు గదనే అంది. "గిట్ల గూడ రాస్తరు పెద్దమ్మా" అన్నాను.

ఇంకో నాలుగైదు రోజులు ఆమె పుస్తకంతో కుస్తీ పట్టింది. తడి వేళ్ల మరకలు పేజీల మీద కనిపించేవి. ఆదివారం నాడు పుస్తకం తెచ్చి నా సంచిలో పెట్టింది. "ఒక్క మాటనే రెండు తీర్ల రాస్తె నాసోంటి దానికి ఎట్ల వస్తది బిడ్డా. బీడీ అయితే ఎప్పుడు చుట్టినా ఒక్క తీర్గనే ఉంటది" అని నవ్వి, చాట ముందు కూర్చుంది. ఆ తర్వాత ఆమె ఏనాడూ నిన్నటి పేజీ మళ్లీ చదవమనలేదు. నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికి చేయి రావడం లేదు గానీ, నిజంగా హాయిగానే అనిపించింది.

ఆ నవలను వారంలో ముగించేశాను. చివరి యాభై పేజీలు తెరవను కూడా తెరవలేదు. పిల్ల ఇంకో పడవ తానే నడుపుకుంటూ ఇంటికి తిరిగొచ్చిందని, అందరూ సుఖంగా ఉన్నారని చెప్పి మూసేశాను. అవ్వ కళ్లొత్తుకుంది. పక్కింటి అక్క, ఈ పిల్ల ఒక్కతే పనిచేసే పిల్ల అని మెచ్చుకుంది. పెద్దమ్మ చివర్లో తన మాట చెప్పింది. ముందటి సగం రాసినామె వేరే, ఎనుకటి సగం రాసినామె వేరే ఉన్నట్టున్నది అంది. ఆమె అనుమానంతో అనలేదు. ఆమెకు నిజంగానే అలా వినిపించింది. ఎన్నో సభల్లో ఎంతోమంది పెద్దల విమర్శలు విన్నాను, అంత సూటి మాట మళ్లీ వినలేదు.

నేను చదువుకుని పంతులమ్మనయ్యాను. కాళేశ్వరం దగ్గరి పల్లెల్లో చాలా ఏళ్లు పనిచేశాను. పెద్దలకు సాయంత్రం బడి పెట్టినప్పుడు, అరవై ఏళ్ల అవ్వలకు కూడా సంతకం నేర్పి, పేరు తెచ్చుకున్నాను. సెలవులకు జనగామ పోయినప్పుడల్లా పలక, వాచకం పట్టుకెళ్లి పెద్దమ్మను బతిమాలేదాన్ని. ఆమె వాటిని కళ్లకద్దుకుని పక్కన పెట్టేసేది. నాకు రాదని అప్పుడే చూసుకున్న గద, నువ్వెందుకు పరేషాన్ అయితవు అనేది. మానుకోట, అంటే ఈ మహబూబాబాద్ దవాఖానలోనే నాకు పెద్దమ్మాయి పుట్టినప్పుడు, నెయ్యి డబ్బా పట్టుకుని చూడటానికి బయలుదేరింది. జనగామ బస్టాండులో బోర్డు చదవలేక, ఎవరో చూపిన బస్సెక్కి సూర్యాపేటలో తేలింది. మరునాడు పొద్దెక్కాక వచ్చి, ఆ సంగతి నవ్వుతూ చెప్పి అందరినీ నవ్వించింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. బాలింత కదా, నీరసం అనుకున్నారు. రేషన్ దుకాణంలో, బ్యాంకులో ఆమె వేలిముద్ర వేసినప్పుడల్లా ఆ సిరా నేనే తుడిచేదాన్ని. నిజం చెప్పడానికి మాత్రం నోరు లేచేది కాదు.

ఆమెకు ఎనభై నాలుగేళ్లు వచ్చాక, ఒక చలికాలం పొద్దున జనగామ పోయాను. ఎండలో మంచం వేసుకుని, వెల్లుల్లి పొట్టు తీస్తూ, మునిమనవరాలికి కథ చెప్తోంది. పడవ పిల్ల కథ. నా కథ. ఎన్నేళ్లుగా ఎంతమందికి చెప్పిందో, కొడుకులకు, కోడళ్లకు, బీడీల దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు. పడవ మునిగిన చోట గొంతు తగ్గించి, పిల్ల ఈదుకుంటూ వచ్చిన చోట చేతులు ఊపుతూ చెప్తోంది. ఇక నా వల్ల కాలేదు. మునిమనవరాలు ఆటకు పోగానే మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. పేజీలు ఎగరగొట్టింది, పెరట్లో తప్పు మాట మీద వేలు పెట్టింది, గిట్ల గూడ రాస్తరన్నది, అన్నీ.

ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ చేతులు ఊరికే ఉండగా నేను అంతకు ముందు చూడలేదు. నా వైపు తిరిగి అడిగింది.

"అంటే నాకు రానిదేం గాదన్నట్టు."

"నీకు వచ్చింది పెద్దమ్మా. నేనే పోగొట్టిన."

"యాభై ఏండ్ల సంది నా తలకాయనే మొద్దుదనుకున్న. అప్పుడే చెప్తే రెండు చరిచి మల్ల కూసుందును గదనే."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను ఓదార్చనూ లేదు. ఇప్పుడైనా నేర్పుతానంటే, కండ్లల్ల పొర వచ్చింది, ఇగ ఏం అచ్చరాలు అంది. కోపం ఉందేమో తెలియదు. ఉంటే ఉండాల్సిందే. పొట్టు తీసిన వెల్లుల్లి గిన్నెలోకి తోసి, ఇంకొకటి అందుకుంది. మరి గా పొల్ల నిజంగ ఏమైంది అని అడిగింది. పుస్తకంలో ఏముందో చెప్పు, ఉన్నది ఉన్నట్టు చెప్పు అంది. నాకు తెలియదని చెప్పాల్సి వచ్చింది. అన్నిటికంటే ఆ మాట చెప్పడమే కష్టమైంది.

ఆ నవల కోసం వెతకని చోటు లేదు. జనగామ గ్రంథాలయంలో ఆనాటి పుస్తకాలు ఎప్పుడో పోయాయి. పాత పుస్తకాల దుకాణాల్లో గోదారి, పడవ అంటే ఏవేవో తీసి చూపించారు, అదొక్కటి కాదు. రాసినవాళ్ల పేరైనా నాకు గుర్తుంటే కదా. ఫోన్‌ను కూడా అడిగాను. అది తడుముకోకుండా ఏదో ఒక కథ అల్లి చెప్పింది. దాని మీద కోప్పడే అర్హత నాకు లేదు. ఆ ఎండాకాలంలోనే పెద్దమ్మ పోయింది.

అప్పటి నుంచి ఏ పుస్తకం గురించి రాసినా, ఎంతవరకు చదివానో ముందు రాస్తాను. చదవనిది చదవలేదనే రాస్తాను. ఎవరూ అడగరని కాలేజీ మేడమ్ అన్నది నిజమే. అడగాల్సిన మనిషి ఒక్కసారే అడిగింది, అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ పడవ పిల్ల ఏమైందో మా ఇద్దరిలో ఎవరికీ తెలియకుండానే పోయింది. పెద్దమ్మకు చదువు రాక తెలియలేదు. నాకు వచ్చి కూడా తెలియలేదు.